నక్కలగుట్టలో చిన్నపిల్లల చిత్రకళ తరగతి: ఏది బాగుంది, ఏది మారాలి

హనుమకొండ నక్కలగుట్టలో ఒక ఇంటి కింది అంతస్తులో ప్రతి ఆదివారం ఉదయం నడిచే చిత్రకళ తరగతికి మా అమ్మాయిని నిరుడు జూన్ నుంచి పంపిస్తున్నాను. మూడేళ్లు నిండిన పిల్లల నుంచి ఆరేళ్ల పిల్లల వరకు, అంటే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ చదివేవారికి మాత్రమే ఇక్కడ ప్రవేశం. హనుమకొండ, వరంగల్, కాజీపేటలలో బడి పిల్లలకు డ్రాయింగ్ నేర్పేవారు ఉన్నారు గాని, ఇంత చిన్నవారి కోసమే నడిపే తరగతి నాకు తెలిసినంతలో అరుదు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. మొత్తం మీద మంచి తరగతి. అయితే పిల్లలు వేసిన బొమ్మను పెద్దలు దిద్దే అలవాటు అక్కడ ఉంది, అది పోవాలి. ఆ మాట నిర్వాహకులకు నేరుగానే చెప్పాను కాబట్టి వారి పేరు ఇక్కడ పెట్టడం లేదు.

మొదట బాగున్న సంగతులు. ఇక్కడ బల్లలు, కుర్చీలు లేవు. నేల మీద పాత చాపలు పరచి, వాటి మీద పెద్ద పెద్ద కాగితాలు వేసి, పిల్లలను బోర్లా పడుకునో మోకాళ్ల మీద వంగో గీసుకోనిస్తారు. ఈ వయసులో గీత మణికట్టు నుంచి కాక భుజం నుంచి వస్తుంది. చిన్న నోటుపుస్తకంలో గీయమంటే చేతికి చోటు చాలక పిల్లలు విసుగుపడతారు. సన్నని పెన్సిళ్లకు బదులు బొటనవేలంత లావు మైనపు క్రేయాన్లు ఇవ్వడం కూడా తెలిసి చేసిన పనే, ఎందుకంటే మూడేళ్ల పిల్లలు ఇంకా పిడికిలి బిగించే పట్టుకుంటారు, సన్నని క్రేయాన్ ఆ పట్టుకు విరిగిపోతుంది.

రంగులతో పాటు ఇంటి వస్తువులను వాడుకునే తీరు నాకు మరింత నచ్చింది. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. ఆలుగడ్డ ముక్క, ఉల్లిగడ్డ చెక్క వేరువేరు అచ్చులు వేస్తాయి. ఒకే బెండకాయతో ఒక పిల్లవాడు కాగితం నిండా వరుసలు తీర్చితే, మరో పాప ఒకే చోట పదేపదే అద్ది కాగితం చిరిగేదాకా చూసింది. ఇద్దరినీ ఎవరూ ఆపలేదు. బతుకమ్మకు ముందు వారం గునుగు పూలు తెప్పించి, గిన్నెల్లో రంగునీళ్లు పోసి, పూల కొసలను ముంచి ఆరబెట్టించారు. ఇంట్లో పెద్దవాళ్లు చేసే పనిని తమ చేతులతో చేయడం ఆ పిల్లలకు ఎంత పెద్ద సంగతో వారి ముఖాల్లోనే కనిపించింది. సంక్రాంతికి ముగ్గులు వేయించినప్పుడు ముగ్గుపిండికి బదులు బియ్యప్పిండి ఇచ్చారు. కళ్లలో, నోట్లో పడినా హాని తక్కువ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని పట్టి సన్నగా వదలడం ఆ వేళ్లకు మంచి కసరత్తు, తర్వాత పెన్సిల్ పట్టుకోవలసింది కూడా ఆ వేళ్లతోనే. అక్షరాలు దిద్దించడానికి తొందరపడే తల్లిదండ్రులు ఈ పనిని ఆటగా కొట్టిపారేయకూడదు. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి, ఆ దశలో చదువు ఆటలు, పనుల ద్వారా సాగాలని చెప్పింది. మన దగ్గర చాలా ప్రైవేటు బడుల్లో యూకేజీ పిల్లల సంచులు చూస్తే ఆ మాట ఇంకా గేటు దాటి లోపలికి వెళ్లినట్టు కనిపించదు.

చేర్యాల నకాషీ పటాల గురించి చెప్పిన పాఠం ఒక్కటీ తీసుకుంటే, ఈ తరగతి బలమూ బలహీనతా రెండూ అందులోనే తెలుస్తాయి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారులు పొడవాటి గుడ్డ మీద ఎర్రని నేపథ్యంలో కథను అంకణాలుగా చిత్రిస్తారు. పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథకులు ఊళ్లలో కథ చెప్పేవారు. గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పట్టించి గట్టిపరుస్తారని మేడం చెప్పి, చింతగింజల పిండిని ఉడికించి పిల్లల ముందే జిగురు చేసి చూపించారు. ఆ తర్వాత గది పొడవునా కాగితపు చుట్ట పరచి, పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి, "వాన పడ్డ రోజు" అనే ఒక్క కథను తలా ఒక అంకణంలో గీయమన్నారు. ఒకరు మబ్బు, ఒకరు గొడుగు, ఒకరు తడిసిన కుక్క. మా అమ్మాయి అంకణం నిండా నీలం గీతలే. చివర్లో చుట్టను విప్పుతూ ఎవరి భాగం కథ వారు చెప్పారు. ఇంత చక్కని ఆలోచన పెద్ద బడుల్లో కూడా నేను చూడలేదు.

అదే పాఠం తర్వాతి వారం చేర్యాల బొమ్మల జిరాక్స్ కాగితాలు పంచి, గీత దాటకుండా రంగు నింపమన్నారు. నాలుగేళ్ల చేతికి ఆ నగలూ అంచులూ సాధ్యమయ్యేవి కావు. పిల్లలు గీత దాటారు, మేడం సవరించారు, కొందరు క్రేయాన్ పక్కన పెట్టి "మీరే వేయండి" అన్నారు. అంతకుముందు వారం కాగితం నిండా వాన గీసిన పిల్లలే వీరు.

ప్రదర్శనకు ముందు ఈ సవరణ మరీ ఎక్కువైంది. మా అమ్మాయి తల నుంచే కాళ్లు వచ్చే మనిషిని గీసింది. ఈ వయసు పిల్లలు దేశమేదైనా ఇలాగే గీస్తారు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే పిల్లల బొమ్మల దశలను వివరిస్తూ, రెండు నుంచి నాలుగేళ్ల వరకు పిచ్చిగీతల దశ అనీ, నాలుగు నుంచి ఏడేళ్ల వరకు మనిషి, ఇల్లు, చెట్టు వంటి రూపాలు మెల్లగా ఏర్పడే దశ అనీ చెప్పాడు. మెడ, నడుము, ఐదేసి వేళ్లు వాటంతట అవే వస్తాయి. మేడం ఆ బొమ్మకు మెడ, గౌను, జడ చేర్చి గోడకు పెట్టారు. మా అమ్మాయి దాని ముందు నిలబడి, "ఇది నాది కాదు, మేడంది" అని చెప్పింది. నేను అడిగినప్పుడు, ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఫొటో తీసుకునేలా బొమ్మ లేకపోతే పిల్లలకు ఏమీ రావడం లేదంటారని మేడం సమాధానమిచ్చారు. ఆ మాటలో నిజముంది, అందుకే ఈ సమీక్ష మేడం కన్నా తోటి తల్లిదండ్రులు చదవాలని కోరుకుంటున్నాను. బొమ్మ చూడగానే "ఇదేంటి?" అని అడగకుండా, "దీని గురించి చెప్పు" అని అడిగి చూడండి, పిల్లలు పావుగంట మాట్లాడతారు.

వస్తువుల భద్రత విషయంలో జాగ్రత్త చాలావరకు ఉంది. రంగుల డబ్బాలు చూపించమంటే సంకోచించకుండా చూపించారు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఆటవస్తువులకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. వేళ్లతో పూసే రంగులు నోట్లోకి వెళ్లే అవకాశం ఎక్కువ కనుక డబ్బా మీద ఆ గుర్తు చూసుకోవడం అవసరం. కత్తెరలు మొనలు లేనివే. కాని పూసలు, అతికించే ప్లాస్టిక్ కళ్లు, మెరుపుపొడి మూడేళ్ల పిల్లలకు కూడా ఇస్తున్నారు, ఇది వెంటనే ఆపాలి. ముక్కులో పూస పెట్టుకున్న పిల్లలను ఆసుపత్రికి తీసుకుపోయిన ఇళ్లు ప్రతి వీధిలో ఉంటాయి. పూసలకు బదులు ఆకులు, గుడ్డ పీలికలు, దారం సరిపోతాయి.

పద్నాలుగు మంది పిల్లలకు ఇద్దరు టీచర్లున్నారు. ఫీజు నెలకు 1,200 రూపాయలు, వస్తువులన్నీ అందులోనే. చేతులు కడుక్కునే కుళాయి పిల్లలకు అందే ఎత్తులో ఉంది. వాహనం నిలపడానికి చోటు లేదు.

నేను మాట్లాడిన తర్వాత ప్రదర్శన బొమ్మలను దిద్దడం మానేస్తామని ఒప్పుకున్నారు, ఈ మధ్య గోడమీద పెట్టినవి నిజంగానే పిల్లలవి. జిరాక్స్ కాగితాలు మాత్రం నెలకు ఒకసారైనా వస్తున్నాయి. మా అమ్మాయిని కొనసాగిస్తున్నాను. చేర్చాలనుకునేవారికి ఒక తరగతిని ఉచితంగా చూడనిస్తారు. వెళ్లినప్పుడు గోడమీది బొమ్మలను వరుసగా చూసి, పద్నాలుగు చేపలూ ఒకేలా కనిపిస్తే ఎందుకని అక్కడే అడగండి.