ఉత్తేజిత హీలియమా, అతినీలలోహిత కాంతా: లోహపు పై పొరను చూడడానికి ఏది మేలు?

నల్లగొండలో ఎమ్మెస్సీ విద్యార్థులకు ఉపరితల భౌతికశాస్త్రం చెప్పేటప్పుడు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది: లోహం నుంచి ఎలక్ట్రాన్లను వెళ్లగొట్టడానికి 21.2 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణు స్థాయిలో శక్తికి కొలత) హీలియం అతినీలలోహిత కాంతి ఉండగా, 19.8 ఎలక్ట్రాన్ వోల్టులు మోసుకొచ్చే మెటాస్టేబుల్ (ఉత్తేజిత స్థితిలోనే చాలాసేపు నిలిచే) హీలియం పరమాణువుతో పనేమిటి? శక్తిలో రెండూ దగ్గరదగ్గరే. తేడా అంతా లోతులో ఉంది.

మన చెలకల్లో తుంపర పడితే పై మన్నే తడుస్తుంది, గట్టి వాన పడితే పదును లోపలికి దిగుతుంది. ఫోటాన్, అంటే కాంతి రేణువు, రెండో తీరుది; అది వెళ్లగొట్టిన ఎలక్ట్రాన్లు కొన్ని పరమాణు పొరల లోతునుంచి వస్తాయి కనుక, పై పొర సంగతి కింది పొరలతో కలిసిపోతుంది. హీలియం పరమాణువు మాత్రం లోహంలోకి చొరబడదు. వెలుపలే ఆగి, ఉపరితలం బయటికి చాచుకున్న ఎలక్ట్రాన్ మేఘాన్ని తాకి తన శక్తిని అక్కడే దించుతుంది. పై పొర ఒక్కటే కావాలంటే నా మొగ్గు దీనివైపే.

అయితే ఒక చిక్కుంది. టంగ్‌స్టన్ వంటి శుభ్రమైన లోహానికి వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్‌ను లోహం నుంచి బయటికి తీయడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు. అంత ఉన్నచోట హీలియంలోని ఉత్తేజిత ఎలక్ట్రాన్ ముందుగానే లోహంలోని ఖాళీ స్థాయిలోకి జారిపోతుంది; మిగిలిన అయానును తటస్థం చేయడానికి లోహపు ఎలక్ట్రాన్లు రెండు పూనుకోవాలి, ఒకటి అయానులో చేరితే రెండోది బయటికి వస్తుంది. రెండింటి శక్తులూ కలగలిసిన ఆ స్పెక్ట్రమ్‌ను (ఏ శక్తితో ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో చూపే రేఖను) విడదీసి చదవడం కష్టం. అక్కడ కాంతే మేలు. ఉపరితలం మీద సీసియం పూసి వర్క్ ఫంక్షన్‌ను 2 దరిదాపులకు దించితే ఆ జారుడు ఆగిపోతుంది, ఒక్క లోహపు ఎలక్ట్రాన్ మాత్రమే హీలియంలోని ఖాళీని నింపుతుంది, హీలియంలోని ఉత్తేజిత ఎలక్ట్రాన్ బయటికి వస్తుంది, స్పెక్ట్రమ్ తేటపడుతుంది.

వాయువుల్లోనూ హీలియందే పైచేయి. మెటాస్టేబుల్ పరమాణువు మోసే శక్తి నియాన్‌ది 16.6, ఆర్గాన్‌ది 11.5, జినాన్‌ది 8.3 ఎలక్ట్రాన్ వోల్టులే. శక్తి తగ్గేకొద్దీ లోహంలో లోతైన స్థాయిలు అందకుండా పోతాయి.

నిజానికి ఒక్క హీలియం డిశ్చార్జ్ (వాయువు గుండా విద్యుత్తు పంపడం) నుంచే కాంతీ, మెటాస్టేబుల్ పరమాణువులూ రెండూ వస్తాయి. దారిలో తిరిగే చక్రం పెట్టి పుంజాన్ని ముక్కలు చేస్తే కాంతి తక్షణమే చేరుతుంది, పరమాణువులు ఆలస్యంగా వస్తాయి. ఆ కాలవ్యవధిని బట్టి ఒకే నమూనా మీద రెండు స్పెక్ట్రమ్‌లనూ వేరుగా తీసుకోవచ్చు.