బ్రేక్ ఆయిల్ డబ్బాలో కొత్తది, చక్రాల దగ్గర పాతది: కారును ట్రాక్ డేకి సిద్ధం చేయిస్తున్నవాళ్ళు జాగ్రత్త

కారును ట్రాక్ డే (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) కోసం మార్పిస్తున్నవాళ్ళు, ముఖ్యంగా హైదరాబాద్‌లో మాడిఫికేషన్ షాపుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. గత నెల చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ మీద, నా కారు బ్రేకులు ఒక్కసారిగా పోయాయి. నాకు దెబ్బలు తగల్లేదు, ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఆ బ్రేకుల పనికి రెండు నెలల ముందే ఒక షాపుకు 23,000 రూపాయలు కట్టాను. తీరా విప్పి చూస్తే ఆయిల్ మార్చనే లేదు, ప్యాడ్లేమో నకిలీవి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరు చేశారన్నదాని కంటే ఎలా చేశారన్నది మీకు తెలియాలి. ఇదే పని ఇంకో షాపులో మీకూ జరగొచ్చు.

నాది పోలో, 1.0 టీఎస్ఐ, మాన్యువల్ గేర్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 110 పీఎస్ పవర్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. రోజూ ఆఫీసుకు వెళ్ళేది ఇందులోనే, పాపను స్కూల్లో దింపేదీ ఇందులోనే. ఏడాదికి రెండు మూడు సార్లు ట్రాక్ మీద నడపాలన్నది చాలా కాలంగా నా కోరిక. రోడ్డు మీద స్పీడుగా పోవడం నాకు ఇష్టం లేదు. ఎదురుగా బండి రాని చోట, అంబులెన్స్ సిద్ధంగా ఉన్న చోట నడపడమే సరైన పద్ధతని నమ్ముతాను, ఇప్పటికీ.

షాపులో వేసిన లెక్క ఇదీ: రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) 38,000, నాలుగు అలాయ్ చక్రాలు టైర్లతో కలిపి 92,000, స్ప్రింగులు 28,000, ముందు బ్రేక్ ప్యాడ్లు 18,500, బ్రేక్ ఆయిల్ మార్చడానికి 4,500. మొత్తం 1,81,000. ప్యాడ్లు పేరున్న విదేశీ కంపెనీవి అన్నారు, డబ్బా కూడా చూపించారు. ఆయిల్ డాట్ 5.1 అన్నారు. పొద్దున్న కారు ఇచ్చి సాయంత్రం తీసుకున్నాను. బానెట్ ఎత్తి చూపిస్తే ఆయిల్ డబ్బాలో లేత తేనె రంగులో, తళతళలాడుతూ కనిపించింది. "టెన్షన్ పడకన్నా, మొత్తం కొత్తదే పోశాం" అన్నాడు ఓనర్. నమ్మాను.

మోసమంతా ఆ డబ్బాలోనే ఉంది, కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మనం బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది నూనె కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలన్నిటికీ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. డాట్ 5.1కి కొత్తగా ఉన్నప్పుడు 260, తేమ చేరాక 180. అందుకే ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు ఎక్కువ డిగ్రీల ఆయిల్ పోయించుకుంటారు. రోడ్డు మీద తిరిగే కార్లకు కూడా చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమని చెబుతాయి.

మార్చడమంటే చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌కి, డ్రమ్ములైతే లోపలి సిలిండర్‌కి, ఉండే నిపిల్ అనే చిన్న మర వదులు చేసి, లోపలి పాత ఆయిల్ అంతా బయటికి పోయేదాకా పైనుంచి కొత్తది పోస్తూ ఉండాలి. నాలుగు చక్రాలకూ ఇలాగే చేయాలి. ఇద్దరు మనుషులు, కనీసం ముప్పావు గంట పని. ఈ షాపువాళ్ళు సిరంజితో పైడబ్బాలోని పాత ఆయిల్ లాగేసి, అందులో మాత్రం కొత్తది నింపారు. అయిదు నిమిషాల పని. బానెట్ ఎత్తితే కళ్ళకు కొత్తదే కనిపిస్తుంది. వేడి పుట్టేది మాత్రం చక్రాల దగ్గర, అక్కడ నాలుగేళ్ళ నాటి ఆయిలే ఉంది.

ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు నాకేమీ తెలియదు.

ముందు రోజు హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, అద్దంకి మీదుగా నెల్లూరు దాకా వెళ్ళి పడుకుని, తెల్లవారుజామున బయల్దేరి ట్రాక్ చేరాను. లోపలికి పంపే ముందు స్క్రూటినీ ఉంటుంది. అక్కడి పెద్దాయన నా ముందు చక్రం బోల్టు ఒకటి విప్పించి అరచేతిలో పెట్టి చూపించారు. కంపెనీ చక్రాలకు వచ్చే బోల్టు తల కింద గుండ్రంగా, బంతిలా ఉంటుంది. బయట కొన్న అలాయ్‌ల రంధ్రం గరాటులా ఉంటుంది, దానికి తల కింద కోసుగా ఉండే బోల్టు కావాలి. షాపువాళ్ళు కొత్త చక్రాలకు పాత బోల్టులే బిగించి పంపారు. బంతి ఆకారం గరాటులో పూర్తిగా కూర్చోదు, సన్నటి అంచు మీదే ఆనుతుంది. ఎంత బిగించినా నడుస్తున్న కొద్దీ వదులవుతుంది. ఆ బోల్టులతోనే నేను అన్ని వందల కిలోమీటర్లు హైవే మీద వచ్చాను. అదే రకం కారుతో వచ్చిన ఒక తమిళ అబ్బాయి తన దగ్గరున్న అదనపు సెట్టు ఇచ్చాడు, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే స్పానర్) 120 న్యూటన్ మీటర్లకు తనే బిగించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ అబ్బాయికి థ్యాంక్స్ ఎంత చెప్పినా తక్కువే.

బోల్టులే సరిగా వేయనివాళ్ళు మిగతా పని ఎలా చేసి ఉంటారో అప్పుడే అనుమానం రావాల్సింది. నాకు రాలేదు.

మొదటి రెండు సెషన్లు మెల్లగా, దారి నేర్చుకుంటూ నడిపాను. మూడో సెషన్‌లో స్పీడు పెంచాను. నాలుగో ల్యాప్‌లో పెడల్ కాస్త లోతుకు దిగుతున్నట్టు అనిపించింది. తర్వాతి ల్యాప్‌లో స్ట్రెయిట్ చివర, దాదాపు 150లో ఉండగా కాలు వేస్తే పెడల్ నేలను తాకింది. కారు ఆగలేదు. కాలు తీసి మళ్ళీ తొక్కాను, మళ్ళీ తొక్కాను. మూడోసారికి కొంచెం పట్టింది. ఈలోపు గేరు మూడుకు, రెండుకు తెచ్చాను. కారు తారు దాటి మట్టిలోకి దిగి, అర చుట్టు తిరిగి, టైర్ల గోడకు కొంచెం ఇవతల ఆగింది. ముందు బంపర్ కింది భాగం విరిగింది. మార్షల్స్ పరుగెత్తుకొచ్చి తలుపు తీసేదాకా నా చేతులు స్టీరింగ్‌ని వదల్లేదు.

లోపల జరిగింది ఇదీ. డ్రైవర్‌తో కలిపి దాదాపు 1,200 కిలోల కారును 150 నుంచి 70కి తగ్గించడమంటే, రెండు మూడు సెకన్లలో సుమారు రెండున్నర లీటర్ల నీళ్ళను మరిగే దాకా తెచ్చేంత వేడిని బ్రేకులు మింగాలి. ప్రతి ల్యాప్‌లో అలాంటివి కొన్ని ఉంటాయి, అందులో ఎక్కువ భాగం ముందు డిస్కుల మీదే పడుతుంది. ఆ వేడి ప్యాడ్ వెనక నుంచి ఆయిల్‌కి పాకింది. తేమ పట్టిన ఆయిల్ మరిగి ఆవిరయింది. ద్రవాన్ని నొక్కితే ఆ బలం చక్రం దాకా పోతుంది. ఆవిరిని నొక్కితే అదే నలిగిపోతుంది, చక్రం దాకా ఏమీ చేరదు.

మధ్యాహ్నం అక్కడున్న ఒక టీం మెకానిక్ నా కారు చక్రాలు విప్పి చూశారు. ముందు నిపిల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి వదులు చేస్తే డికాషన్ రంగులో ఆయిల్ వచ్చింది, బుడగలతో. వెనక నిపిల్స్ మీద మట్టి గడ్డకట్టి ఉంది. రబ్బరు టోపీ అతుక్కుపోయి ఉంది, స్పానర్ తగిలిన గీత ఒక్కటి కూడా లేదు. ప్యాడ్లు ఇంకా దారుణం. ఒకదాని మీద నిలువునా పగులు, ఇంకోదాని మూల వెనక రేకు నుంచి ఊడొచ్చింది, వేలితో గీకితే పొడి రాలింది. ఫొటోలు, బ్యాచ్ నంబరు ఆ కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి పంపితే, ఆ నంబరు తమది కాదని రాతపూర్వకంగా జవాబిచ్చారు.

షాపుకు ఫోన్ చేస్తే ముందు "ట్రాక్ మీద నడిపితే ఏ బ్రేకులైనా అంతే అన్నా" అన్నారు. ట్రాక్ కోసమే చేయించానని చెప్పాను. తర్వాత ప్యాడ్లు పంపితే చూస్తామన్నారు. పంపలేదు. మీరూ పంపకండి, అవే మీ సాక్ష్యం. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

మూడు రోజులు నిద్ర పట్టకపోవడానికి కారణం మాత్రం ట్రాక్ కాదు. అంతకు రెండు వారాల ముందు ఇదే కారులో, ఇవే బ్రేకులతో, మా ఆవిడను, పాపను, అమ్మను ఎక్కించుకుని శ్రీశైలం వెళ్ళాను. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ముందు బస్సు ఉంటే చాలాసేపు బ్రేక్ మీద కాలు పెట్టే దిగాను. అక్కడ మట్టీ లేదు, టైర్ల గోడా లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. బ్రేకుల పని జరిగేటప్పుడు అక్కడే కూర్చోండి. "వెళ్ళి రండి సార్, సాయంత్రానికి రెడీ" అంటే వద్దనండి. ఆయిల్ డబ్బా సీలు మీ ముందే విప్పాలి. సగం వాడి మూతపెట్టిన డబ్బా వద్దు, అప్పటికే తేమ చేరి ఉంటుంది. నాలుగు చక్రాల దగ్గరా గొట్టంలో రంగు మారేదాకా చూడండి, ఒక్కో చక్రానికి వీడియో తీసుకోండి. చిన్న కారుకైనా దాదాపు ఒక లీటరు ఖర్చవుతుంది. అర లీటరు డబ్బాలో ఇంకా మిగిలిందంటే పని సగమే అయినట్టు. రంగు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి, ఆయిల్‌ని వేడి చేసి ఎన్ని డిగ్రీలకు మరుగుతుందో చూసే టెస్టర్లు కొన్ని వర్క్‌షాపుల్లో ఉంటాయి, అడగండి. తీసేసిన పాత ప్యాడ్లు ఇంటికి తెచ్చుకోండి. కొత్తవాటి అంచున గానీ రేకు మీద గానీ చాలావాటికి రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి, మొదటిది మామూలు వేడిలో పట్టును, రెండోది బాగా వేడెక్కాక పట్టును చెబుతుంది. ఈ, ఎఫ్, జీ వరసలో పట్టు పెరుగుతుంది. ఆ అక్షరాలు, బ్యాచ్ నంబరు ఫొటో తీసి, బిగించకముందే కంపెనీకి పంపి అడగండి.

ట్రాక్ మీద పెడల్ కొంచెం లోతుకు దిగినట్టు అనిపించినా ఆ ల్యాప్‌లోనే పక్కకు వచ్చేయండి. నేను ఇంకో ల్యాప్ చూద్దామనుకున్నాను. సెషన్ చివరి ల్యాప్ బ్రేకులు వాడకుండా మెల్లగా నడిపి చల్లారనివ్వండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగకుండా గేర్‌లో ఉంచి, చక్రం కింద అడ్డు పెట్టండి.

డబ్బు వరస కూడా మార్చండి. నేను రీమ్యాప్‌తో మొదలుపెట్టాను, అది పొరపాటు. మొదటి ట్రాక్ డేకి పవర్ ఒక్క పీఎస్ కూడా పెంచక్కర్లేదు. మంచి ఆయిల్, అసలైన ప్యాడ్లు, సరైన గాలి ఉన్న మంచి టైర్లు, హెల్మెట్, అంతే. ఇంకోటి, మామూలు మోటార్ పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లకు కవర్ ఉండదు. నా బంపర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. రోడ్డు కారులో చేసే మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది, కంపెనీ స్పెసిఫికేషన్‌ను మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఏ మార్పు చేయించే ముందైనా ఆర్టీఏలో అడగండి.

బిల్లు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. జీఎస్టీ లేకుండా అయితే తగ్గిస్తామంటే ఒప్పుకున్నాను, చేతికి వచ్చింది ఎస్టిమేట్ కాగితం. అదృష్టం కొద్దీ డబ్బు యూపీఐలో పంపాను, ఏ పార్టుకు ఎంతో వాట్సాప్‌లో వాళ్ళే రాసి పంపారు. నకిలీ వస్తువు అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కిందికి వస్తుంది. రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. లీగల్ నోటీసు పోయిన సోమవారం పంపాను, ఇంకా జవాబు రాలేదు.

ఈ మధ్య ఎక్కడైనా బ్రేకుల పని చేయించుకున్నవాళ్ళు, ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళే కాదు, ఈ ఆదివారం వేరే మెకానిక్ దగ్గరికి వెళ్ళి వెనక చక్రం నిపిల్ ఒక్కటి చూపించుకోండి. దాని మీద మట్టి గడ్డకట్టి ఉంటే, మీ కారులోనూ ఆయిల్ మారలేదు. ఘాట్ ప్రయాణం ఏదైనా అనుకుని ఉంటే, అది మార్పించాకే బయల్దేరండి.