కొల్లేటి పనికి ఫైబర్ పడవ

పన్నెండడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. కొన్నాక ఒక వానాకాలం నీళ్లు చూశాకే రాస్తున్నా. తయారుచేసిన వర్క్‌షాప్ పేరు అడగొద్దు.

ముందు బాగున్నది చెబుతా. తేలిక. ఇద్దరం పట్టుకుంటే చెరువు గట్టు దాటించేస్తాం. అడుగున ఊట లేదు. మా నాన్న నీళ్లు తోడే డబ్బా లేనిదే తాటిదోనె ఎక్కేవాడు కాదు. ముదురు తాటిచెట్టు మొదలు భాగం తెచ్చి, ఒక పక్క చెక్కి, లోపలి మెత్తటి పీచంతా తీసేసి చేవ మాత్రం ఉంచేవాళ్లు. చెట్టు మొదలు దగ్గర ఉండే ఉబ్బే దోనెకు ముక్కు. కోసిన కొసకు బంకమట్టి మెత్తాలి, అది కరిగినప్పుడల్లా నీళ్లే. ఒంటిదోనె తిరగబడుతుందని రెండింటిని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో బిగించేవాళ్లు. చేపలు పట్టే మావులు, గడ్డిమోపులు, బియ్యం బస్తాలు, పెద్దింట్లమ్మ జాతరకు పిల్లాజెల్లా, అందరూ వాటి మీదే. చేపల చెరువుల గట్ల మీద మోటార్‌సైకిళ్లు వచ్చాక వాటికి పని పోయింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వంవాళ్లు కొల్లేట్లోని ఆ చెరువు గట్లు కొట్టేశారు, దోనెలు మాత్రం తిరిగి రాలేదు.

నిలబడి గడ వేస్తే తెలుస్తుంది తేడా. జంటదోనె మీద అంచున నిలబడి వల లాగినా బెదిరేది కాదు. ఇది కాలు కాస్త పక్కకు పడితే ఊగుతుంది, గాలి తోలితే ముక్కు తిప్పేస్తుంది. నీటి మీద పెరిగే గుర్రపుడెక్కను దోనె బరువుతో తొక్కుకుంటూ పోయేది, ఇది పైకెక్కి కూర్చుంటుంది.

అమ్మేవాళ్లెవరూ చెప్పని సంగతి రేవు. మా పాత రేవు తాటిదుంగలు అడ్డంగా పరిచి, అటూ ఇటూ గుంజలు పాతి కట్టింది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే మునుగుతుంది, వేసవిలో బురద తేలుతుంది, అందుకే మెట్లుమెట్లుగా దించారు. దోనె వచ్చి దుంగకు కొట్టుకున్నా ఏమీ అయ్యేది కాదు. ఫైబర్‌కి అదే దెబ్బతో పక్కన పొర లేచింది. వర్క్‌షాప్‌కి ఫోన్ చేస్తే ఎత్తరు, డబ్బు ముట్టింది కదా! రెసిన్ జిగురు, ఫైబర్ మ్యాట్ తెచ్చి మేమే అతికించుకున్నాం. గుంజలకు పాత టైర్లు కట్టాం.

చేపల చెరువులో మేత వేయడానికైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. కొల్లేట్లో వలకైతే అడుగు చదునుగా, వెడల్పు నాలుగడుగులకు తగ్గకుండా చేయించుకోండి. తాడు కట్టే రింగు ధరలోనే ఉందో లేదో బేరమప్పుడే అడగండి, మా దగ్గర దానికి విడిగా తీసుకున్నారు.