కడియం నర్సరీలు: సీతాకోకచిలుకల కోసం మొక్కలు కొనేవాళ్లకి

కడియం, కడియపులంక రోడ్డు పొడుగునా ఉన్న నర్సరీల్లో పూలమొక్కలకి కొదవ లేదు. సీతాకోకచిలుకల కోసం వెళ్తే మాత్రం లెక్క మారుతుంది. తేనె మొక్కలకి ఐదుకి నాలుగున్నర వేయొచ్చు. అవి గుడ్లు పెట్టే మొక్కలకి రెండు మించి వేయలేం.

పెంటాస్, నూరువరహాలు, జీనియా తీసుకోండి. నాలుగు రకాలు ఒక్కోటి కొనేకన్నా ఒకే రకం నాలుగు కుండీలు పక్కపక్కన పెడితే ఎక్కువ వాల్తాయి. ముందు వరసలో ఊరించేవి ఎక్కువగా ముద్ద రకాలే. ముద్ద మందారం, ముద్దబంతి కంటికి నిండుగా ఉంటాయి గానీ లోపలంతా రేకులైపోయి తేనె అందదు. రేక రకం కావాలని గట్టిగా అడగాలి.

అసలు పేచీ నిమ్మ, కరివేపాకు మొక్కలతో. లైమ్ బటర్‌ఫ్లై నిమ్మ చిగురు మీద గుండుసూది తలంత లేత పసుపు గుడ్డు, ఒక్కోటిగా పెడుతుంది. పిల్ల పురుగు పిట్ట రెట్టలా ఉండి, పెద్దయ్యాక పచ్చబడుతుంది. కదిపితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. మనం దీని కోసమే కొంటాం, నర్సరీ వాళ్లు దీన్ని చంపడానికే మందు కొడతారు. తప్పు వాళ్లది కాదు, కొరికిన మొక్క ఎవరు కొంటారు? ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు మొక్కంతా పాకి వారాల తరబడి ఆకులో ఉంటాయి. కాబట్టి ఒక్క కొరుకూ లేకుండా నిగనిగలాడే మొక్క వదిలేసి, అంచులు తిన్నదీ ఆకు కింద గుడ్డున్నదీ ఏరుకోండి. ఇంటికొచ్చాక పురుగు పసరు కక్కి ముడుచుకుపోతే ముందు మందునే అనుమానించాలి. పాత కొమ్మలు కత్తిరించి, కొత్త చిగుళ్లు రెండు విడతలు వచ్చేదాకా ఆగడం మేలు. కరివేపాకైతే కొనడమే దండగ. ఎవరింటి చెట్టు కిందైనా పిలక వేరుతో తవ్వి తెచ్చుకుంటే కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుకకి చాలు.

ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకకి జిల్లేడు, కామన్ క్యాస్టర్ సీతాకోకచిలుకకి ఆముదం కావాలి. నర్సరీలో అడిగితే నవ్వుతారు. రెండూ కాలవగట్టు మీద ఊరికే దొరుకుతాయి. జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి.

గోదావరి డెల్టాలో ఇంకో ఇబ్బంది: కవరు మొక్క ఎర్రమట్టి గడ్డతో వస్తుంది, మన పెరట్లో నల్ల జిగటమట్టి. అలాగే పాతితే వానాకాలంలో ఆ గడ్డ చుట్టూ నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. అడుగున చుట్టుకున్న వేళ్లు విడదీసి, జానెడు ఎత్తు మట్టి దిబ్బ మీద నాటాలి.

పళ్లెంలో కాస్త ఒండ్రుమట్టి తడిగా ఉంచితే సీతాకోకచిలుకలతోపాటు మట్టిగూళ్లు కట్టే కందిరీగలూ వస్తాయి. చిన్న కుండలాంటి గూడు గోడకి కనిపిస్తే గీకేయకండి, లోపల పిల్ల కోసం దాచిన గొంగళిపురుగులుంటాయి. మీ నిమ్మచెట్టు పురుగులు కొన్ని దాని పాలవుతాయి, అది మామూలే.