వంతెనా, ఫెర్రీనా, టికెట్ రాయితీయా: ద్వీపవాసులకు ఏది మేలు?

ఊరికి రోడ్డు వేయమంటే, దాని మీద లాభమెంత అని మామూలుగా ఎవరూ అడగరు. ద్వీపానికి పడవ అడిగితే మాత్రం ముందు లెక్కలు తీస్తారు. అక్కడివాళ్లకు రోడ్డు అదే కదా!

అందరికీ మొదట తట్టేది వంతెన. కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ 1873లో దేశంలో చేరేటప్పుడే, ఎండాకాలమైనా చలికాలమైనా స్టీమర్ నడపాలని షరతు రాయించుకుంది. 1997లో 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెన వచ్చి ఆ ఫెర్రీ స్థానం తీసుకుంది. అయితే 1988లో ఓటు పెడితే వంతెన కావాలన్నది సుమారు 59 శాతమే. ద్వీపం ద్వీపంలా ఉండాలనుకునేవాళ్లు తక్కువేం కాదన్నమాట.

స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపం కథ వేరు. 1995లో ప్రైవేటు పెట్టుబడితో వంతెన తెరిచారు, దాని పక్కనే నడిచే ఫెర్రీ ఆపేశారు. ఇక టోల్ కట్టక తప్పని పరిస్థితి. కట్టేది లేదని జనం మొండికేశారు, కేసులు నడిచాయి. చివరికి 2004లో ప్రభుత్వమే కొనేసి టోల్ ఎత్తేసింది. అదేదో మొదటే చేసి ఉంటే గొడవే లేదు.

దూరం ఎక్కువైతే వంతెన మాట మర్చిపోవాల్సిందే, ఫెర్రీయే గతి. స్కాట్లాండ్ ఇక్కడ మంచి పద్ధతే పట్టింది: అంతే దూరం రోడ్డు మీద వెళ్తే ఎంతవుతుందో చూసి, దాన్నిబట్టి ఛార్జీ పెట్టారు. 2008లో కొన్ని రూట్లలో మొదలైంది. కానీ ఛార్జీ తగ్గితే సరిపోతుందా? ఓడలుండాలిగా! గ్లెన్ శానక్స్ అనే ఫెర్రీకి 2015లో ఆర్డరిస్తే 2025లో గానీ జనం ఎక్కలేదు.

టికెట్ రాయితీ అన్నిటికన్నా తేలిక. స్పెయిన్ తన ద్వీపవాసులకు దేశంలోపలి విమాన టికెట్లలో 75 శాతం భరిస్తోంది, ఓడ టికెట్లకూ రాయితీ ఇస్తోంది. టికెట్ కొనేటప్పుడే ఆ మేలు నేరుగా మనిషికి అందుతుంది, బాగానే ఉంది. కానీ కంపెనీ చలికాలంలో ట్రిప్పులే తగ్గించేస్తే రాయితీ దేనిమీద?

నన్నడిగితే, దూరం తక్కువ, జనం ఎక్కువైన చోట టోల్ లేని వంతెన. మిగతా అన్నిచోట్లా ప్రభుత్వంతో ఒప్పందం మీద నడిచే ఫెర్రీ. రాయితీ దానికి తోడుగా ఉండాలంతే. ఆ ఒప్పందంలో ఛార్జీ కన్నా ముందు నేను వెతికే వాక్యం ఒకటుంది: ఓడ చెడిపోతే మర్నాడు ఏది వస్తుంది, ఎన్నింటికి వస్తుంది?