జయనగర్ వకీలు దగ్గర ముప్పావు గంట: రెండు వేలకు ఏం దొరికింది

ముందే చెప్పేస్తాను, ఆవిడ పేరు రాయను. "నెట్‌లో నా పేరు పెట్టొద్దమ్మా, ఇప్పటికే జనం మెట్ల మీద కూర్చుంటున్నారు" అని ఆవిడే అన్నారు. బెంగళూరులో జయనగర్ నాలుగో బ్లాక్ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. కింద జెరాక్స్ షాపు, పైన రెండో అంతస్తులో ఆఫీసు. ఉద్యోగాల తగాదాలే చూస్తారు. ముప్పావు గంటకు 2,000 రూపాయలు, మన మెయిల్ దిద్ది ఇవ్వాలంటే ఇంకో 1,500. నేను రెండూ కట్టాను.

ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెప్తాను. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక మధ్యరకం ఐటీ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌గా చేసేదాన్ని. చేరింది 2021 ఏప్రిల్ 12న. రిజైన్ చేసింది 2026 జనవరి 19, సోమవారం పొద్దున. నోటీసు, అంటే రాజీనామా ఇచ్చాక కూడా పని చెయ్యాల్సిన గడువు, 90 రోజులు. కొత్త కంపెనీ వాళ్లు అరవై రోజుల్లో రమ్మంటే సరేనన్నాను. మా టీమ్‌లో అంతకుముందు వెళ్లిన ముగ్గురికీ నెల రోజులు తగ్గించారు, నాకు మాత్రం ఎందుకు తగ్గించరని ధీమా.

మా మేనేజర్ తెలుగాయనే. నా పెళ్లికీ, మా నాన్న ఆపరేషన్‌కీ అడిగినన్ని సెలవులు ఇచ్చిన మనిషి. మెయిల్ చూసి ఆ రోజు గంటసేపు బతిమాలాడు. మర్నాడు నన్ను అన్ని కాల్స్‌లోంచీ తీసేశాడు. మూడో రోజు కాఫీ మెషిన్ దగ్గర, "రిలీవింగ్ లెటర్ ఎలా వస్తుందో నేనూ చూస్తా" అన్నాడు. కంపెనీ మనల్ని వదిలేసిందని ఇచ్చే కాగితం అది. అన్నదీ తెలుగులో. ఆ ఫ్లోర్‌లో తెలుగు అర్థంకాని వాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారంతే. హెచ్‌ఆర్ అమ్మాయిని అడిగితే బైఅవుట్ (మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లిపోవడం) మేనేజ్‌మెంట్ ఇష్టమనీ, ఇచ్చినా నెల జీతం కట్టాలనీ, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనమనీ చెప్పింది. మిగిలిన 21 సెలవులు నోటీసులో సర్దరట. పైగా నోటీసులో సెలవు పెడితే అన్ని రోజులూ ముందుకు జరుగుతాయట.

ఇంట్లో తలోమాట. మా ఆయన "రేపట్నుంచి వెళ్లకు, ఏం చేస్తారో చూద్దాం" అంటాడు. హిందూపురం నుంచి నాన్న ఫోన్ చేసి, "కొట్లాడి బయటికి రావద్దు పాపా, రేపు మళ్లా ఆ ఊర్లోనే కదా బతకాల" అంటాడు. నేను రాత్రి రెండింటికి లేచి కూర్చుని మెయిల్ టైప్ చేసేదాన్ని. అది రెండు పేజీలకు వచ్చాక మా పాత సహోద్యోగి ఒకమ్మాయి ఈ వకీలు నంబర్ పంపింది.

శనివారం వెళ్లాను. బీటీఎం లేఅవుట్‌లో పసుపు లైను మెట్రో ఎక్కి ఆర్వీ రోడ్‌లో దిగి, పచ్చ లైను మారితే తర్వాతి స్టేషనే జయనగర్. 2025 ఆగస్టులో ఆ లైను మొదలవ్వక ముందైతే ఈ పని కోసం అంత ట్రాఫిక్‌లో వెళ్లేదాన్నే కాదేమో.

పదకొండుకు రమ్మని, పిలిచింది పన్నెండుకు పది నిమిషాల ముందు. కూర్చోడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మిగతావాళ్లకు మెట్లే. మంచినీళ్ల క్యాన్ ఉంది, గ్లాసు లేదు. ఇది పెద్ద మైనస్. పక్కన పీఎఫ్ ఫైలు పట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. పీణ్యలో ఏదో ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడట. పాత కంపెనీ వాళ్లు పీఎఫ్‌లో మానేసిన తేదీ వెయ్యకపోతే, చివరి జమ పడ్డాక రెండు నెలలు ఆగి మనమే పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చని ఆయనే చెప్పాడు. లోపల వకీలమ్మ ఆ సంగతే ఎత్తలేదు. అంటే సగం సలహా మెట్ల మీదే ఉచితంగా దొరికింది.

లోపలికి వెళ్లాక నేను మా మేనేజర్ కథ మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ఆఫర్ లెటర్ ఎక్కడ?" ఫోన్‌లో ఉందన్నాను. కిందికి వెళ్లి ప్రింట్ తెమ్మన్నారు. ఏడు పేజీలు. వచ్చాక నోటీసు పేరా నన్నే పైకి చదవమన్నారు. ఐదేళ్లలో ఆ కాగితం నేను పూర్తిగా చదివింది అదే మొదటిసారి. చేరిన రోజు చివరి పేజీలో సంతకం పెట్టి ఇచ్చేశాను, మీలాగే.

ఆవిడది కోలారు వైపు. తెలుగు మాట్లాడతారు, మధ్యలో కన్నడం దొర్లుతుంది. మాట మెత్తగా ఉంటుంది గానీ ఓదార్పు ఉండదు. "చూడమ్మా, నిన్ను కుర్చీకి కట్టేసి పని చేయించే చట్టం ఈ దేశంలో లేదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం ఉద్యోగం బలవంతంగా చేయించమని కోర్టు చెప్పదు. కానీ నోటీసు డబ్బులు అడిగే హక్కు వాళ్లకుంది, దాన్ని తీసిపారెయ్యకు" అన్నారు. తర్వాతి పేజీలో పోటీ కంపెనీలో ఏడాదిపాటు చేరకూడదని ఉంది. దాని మీద పెన్సిల్‌తో అడ్డగీత గీశారు. 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు మానేసిన తర్వాతి కాలానికి అలాంటి షరతు నిలవదట. జీఎస్టీ మాట చెప్తే నవ్వారు. నోటీసు డబ్బు వసూలు మీద జీఎస్టీ లేదని 2022 ఆగస్టులోనే సర్క్యులర్ ఇచ్చారని చెప్పి, ఒక కాపీ తీసి నా ముందు పెట్టారు. సొరుగులో అలాంటివి ఒక కట్ట ఉన్నాయి. ఎంతమంది హెచ్‌ఆర్‌లు ఎంతమందిని ఇలా భయపెడుతున్నారో మరి.

ఆ తర్వాత అడిగిన ప్రశ్నకే నేనిచ్చిన రెండు వేలూ చెల్లిపోయాయి. "చేరిన తేదీ ఎంత?"

చెప్పాను. ఆవిడ జెరాక్స్ కాగితం వెనక లెక్క వేశారు. ఏప్రిల్ 11కి నాకు ఐదేళ్లు నిండుతాయి. పూర్తి నోటీసు చేస్తే ఆఖరి పనిరోజు ఏప్రిల్ 17, శుక్రవారం. నేను పోట్లాడుతున్నదేమో మార్చి 20కి వదిలెయ్యమని. నా బేసిక్ 52,000. దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే 30,000, ఐదేళ్లకు లక్షా యాభై వేల గ్రాట్యుటీ, అంటే ఐదేళ్లు నిండి మానేసినవాళ్లకు కంపెనీ ఇచ్చే డబ్బు. మార్చిలో వెళ్తే అది పోతుంది, పైగా బైఅవుట్‌కు నెల జీతం 1,04,000 నేనే కట్టాలి. రెండూ కలిపి రెండు లక్షల యాభై నాలుగు వేలు. అంత డబ్బు వదులుకునే హక్కు కోసం రాత్రుళ్లు నిద్రమాని మెయిళ్లు రాస్తున్నానన్నమాట.

కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కార్మిక చట్టాలు వచ్చాయి కదా, ఒక్క ఏడాదికే గ్రాట్యుటీ అని మా గ్రూపులో తిరిగిందన్నాను. 2025 నవంబర్ 21 నుంచి కోడ్‌లు అమల్లోకి వచ్చిన మాట నిజమే గానీ, ఆ ఏడాది లెక్క ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికని కాంట్రాక్టుతో చేరినవాళ్లకేనట. మాలాంటి పర్మనెంట్ వాళ్లకు ఐదేళ్లు అలాగే ఉంది. నాలుగేళ్ల మీద ఐదో ఏట 240 రోజులు పని చేసుంటే చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటుందని కూడా ఆవిడే చెప్పారు. "అయితే అది పట్టుకుని నువ్వు కంపెనీ మీద కొట్లాడాల. మూడు వారాలు ఓపిక పట్టేదానికి మూడేళ్లు తిరుగుతానంటే నీ ఇష్టం."

మరి కొత్త కంపెనీ? "వాళ్లను అడిగినావా?" అన్నారు. అడగలేదు. అరవై రోజులకు ఒప్పుకున్నాను కాబట్టి అది దాటితే ఆఫర్ పోతుందని నాకు నేనే అనుకున్నాను.

ఇక నా రెండు పేజీల మెయిల్. అది చదువుతూ ఆవిడ ఒక్కో వాక్యం దగ్గర ఆగి "దీనికి కాగితం ఉందా?" అని అడిగారు. కాల్స్‌లోంచి తీసేసినదానికి ఉంది. కాఫీ మెషిన్ దగ్గరి మాటకు లేదు. 'మానసిక హింస' అని నాలుగుసార్లు రాశాను, నాలుగూ కొట్టేశారు. కొట్టేస్తుంటే ఒళ్లు మండింది. నా పక్షాన మాట్లాడమని డబ్బులిస్తే ఈవిడ మా మేనేజర్ పక్షం మాట్లాడుతోందేంటి అనిపించింది. చివరికి ఆరు లైన్లు మిగిలాయి: ఫలానా తేదీన రాజీనామా ఇచ్చాను, ఏప్రిల్ 17 వరకు పూర్తి నోటీసు చేస్తాను, పని ఎవరికి అప్పగించాలో రాతపూర్వకంగా చెప్పండి, ఈ తేదీ నుంచి నన్ను మీటింగుల్లోకి పిలవడం లేదు, అయినా నేను రోజూ ఆఫీసులో అందుబాటులో ఉన్నాను, రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారో తెలపండి. కాపీ హెచ్‌ఆర్‌కి. ఎవరైనా నోటిమాటగా ఏమన్నా అంటే, ఆ సాయంత్రమే "ఇవాళ మీరు ఇలా అన్నారు, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా" అని మర్యాదగా మెయిల్ పెట్టమన్నారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా మందలించారు. సాక్ష్యానికి ఉంటాయని ఆఫీసు మెయిళ్లు కొన్ని నా సొంత జీమెయిల్‌కు పంపుకున్నానని గొప్పగా చెప్పాను. "ఎన్ని? క్లయింట్ పేర్లున్నాయా?" అని ముఖం మారింది. పేస్లిప్పులు, ఫారం 16, ఆఫర్ లెటర్, హైక్ లెటర్లు మనవి, తీసుకోవచ్చు. క్లయింట్ పని ఉన్నదేదీ ముట్టుకోకూడదు, కంపెనీకి మన మీద దొరికే మొదటి ఆయుధం అదేనట. నా అదృష్టం, పంపుకున్నవన్నీ అప్రైజల్ మెయిళ్లే.

లీగల్ నోటీసు పంపమని అడిగితే పంపనన్నారు. పంపితే ఆవిడకే ఇంకో పదివేలు వచ్చేవి. ఇప్పుడే అవసరం లేదు, ఏప్రిల్ 17 తర్వాత లెటర్ రాకపోతే రా అన్నారు. ఆఫీసులో కుర్చీలు, గ్లాసులు లేకపోయినా నేను ఆవిడకు మార్కులు వేసేది ఇక్కడే.

ఇక లోపాలు. వాట్సాప్‌లో జవాబివ్వరు, నీలం టిక్కులు పడి రెండు రోజులైనా అంతే. రసీదు అడిగితే తప్ప ఇవ్వరు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఆఖరి రోజుతో ఆగిపోతుందని చెప్పలేదు. మా నాన్న ఆ పాలసీలో ఉన్నాడు, కొత్తది మొదలయ్యేలోపు శని ఆదివారాలు రెండు రోజులు మధ్యలో మిగిలాయి. ఆ రెండు రోజులూ నాన్నను మెట్లు కూడా ఎక్కనివ్వలేదు.

ఏం జరిగిందంటే, కొత్త కంపెనీకి సోమవారం మెయిల్ పెట్టాను, నాలుగు రోజుల్లో ఏప్రిల్ 20కి సరేనన్నారు. మా మేనేజర్‌కు ఆరు లైన్లు వెళ్లిన మర్నాడే పని అప్పగింతల షీట్ వచ్చింది. మాటల్లేవు, షీట్ మాత్రం వచ్చింది. మిగిలిన పదకొండు వారాలూ సుఖంగా గడిచాయని అనను. లంచ్‌కు ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. ఏప్రిల్ 17 సాయంత్రం ల్యాప్‌టాప్ అప్పగిస్తే లెటర్ చేతికిచ్చారు. ఫైనల్ సెటిల్‌మెంట్ 45 రోజులన్నారు. వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకైనా రెండు పనిదినాల్లో జీతం ఇవ్వాలని వకీలమ్మ రాసిచ్చిన ఒక్క లైను మెయిల్‌లో పెట్టాను. రెండు రోజుల్లో రాలేదు గానీ 24న పడింది. గ్రాట్యుటీ మే 12న వచ్చింది, సరిగ్గా లక్షా యాభై వేలు.

మీ మేనేజర్ మామూలుగా ఉండి, ఇచ్చిన తేదీకి పంపిస్తున్నాడంటే ఇక్కడికి వెళ్లనక్కర్లేదు, ఆఫర్ లెటర్ ఒకసారి మీరే పైకి చదువుకోండి. ఐదేళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లు, లెటర్ ఆపుతామని మాట విన్నవాళ్లు వెళ్లండి. ప్రింట్లు ముందే తీసుకుని వెళ్లండి, కింద జెరాక్స్ షాపతను పేజీకి ఐదు రూపాయలు తీసుకుంటాడు. లిఫ్ట్ లేదు. మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోండి. మెట్ల మీద పీఎఫ్ పెద్దాయన కనిపిస్తే నా పని అయిపోయిందని చెప్పండి, ఆయనది ఇంకా నడుస్తున్నట్టుంది.