కోహా శిక్షణ: ఆరేళ్లు వాడాక తెలిసిన సంగతులు

మాది జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న డిగ్రీ కాలేజీ. లైబ్రరీలో సుమారు పద్దెనిమిది వేల పుస్తకాలున్నాయి, అందులో మూడో వంతు తెలుగువే. 2019 దాకా అన్నీ యాక్సెషన్ రిజిస్టర్లలోనే (వచ్చిన పుస్తకాలని వరసగా రాసుకునే పుస్తకాలు) ఉండేవి. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తే లైబ్రరీ ఆటోమేషన్ గురించి, అంటే పనంతా కంప్యూటర్ మీద నడుస్తోందా అని, తప్పకుండా అడిగేది. అందుకని ఆ ఏడాది నన్ను కోహా (లైబ్రరీ పనులు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద మూడు రోజుల వర్క్‌షాపుకి పంపారు.

ఆ వర్క్‌షాప్ నిర్వాహకులు శ్రద్ధగానే చేశారు. కానీ నలభై మందికి పదిహేను కంప్యూటర్లు. ఇన్‌స్టలేషన్ అంతా తెరమీద చూడటమే. మూడో రోజు తలా నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు ఎంట్రీ చేయించారు, ఆ వివరాలూ వాళ్లే రాసిచ్చారు. సర్టిఫికెట్ తీసుకుని వచ్చి మా సిస్టమ్ ముందు కూర్చుంటే, మొదటి తెలుగు పుస్తకం దగ్గరే చేతులు ఆగిపోయాయి. రచయిత పేరులో ఇంటిపేరు ముందు రాయాలా? పేరు తెలుగులో కొట్టాలా, ఇంగ్లీషు అక్షరాల్లోనా? అడగడానికి ఎవరూ లేరు.

నాకు పని నేర్పింది ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్. 2020లో కాలేజీ మూతపడి, సిబ్బంది మాత్రం వంతులవారీగా వచ్చే రోజుల్లో మొదలుపెట్టాను. ఒక్కో వీడియో చిన్నది. ఒక పక్క వీడియో, ఇంకో పక్క మన కోహా తెరిచి పెట్టుకోవాలి. వాళ్లు ఒక పని చేసి చూపించగానే వీడియో ఆపి, అదే పని మనం చేయాలి. లైబ్రరీ పేరు ఎక్కించడం, ఐటెమ్ టైపులు (పుస్తకం, పత్రిక లాంటి రకాలు), అన్ని అధికారాలూ ఉండే సూపర్ లైబ్రేరియన్ ఖాతా, విద్యార్థుల వివరాలు, ఇష్యూ రూల్సు... రోజుకొకటి చొప్పున చేశాను. ఆ వీడియోలు 16.05 వెర్షన్ మీద తీసినవి. కోహాకి ఏడాదికి రెండు కొత్త వెర్షన్లు వస్తాయి, కాబట్టి మెనూలు కొన్ని మారిపోయి ఉంటాయి. పని జరిగే పద్ధతి అర్థమైతే మారిన బటన్ ఎక్కడుందో వెతుక్కోవచ్చు.

నాతోపాటు మా రికార్డ్ అసిస్టెంట్ కూడా కూర్చునేవారు. ఆయనకి యాభై దాటాయి. మొదట్లో, "మేడం, కంప్యూటరంటే నాకు టెన్షన్. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో అడగండి, చెప్పేస్తా" అన్నారు. "మీరు రిజిస్టర్ చదవండి బాబాయ్, నేను కొడతాను" అన్నాను. వారం తర్వాత చోట్లు మార్చుకున్నాం. తెలుగు టైపింగ్ రాకపోతే ఫోన్‌లో మైక్ నొక్కి పుస్తకం పేరు చెప్పేవారు. అది అక్షరాలుగా మారాక వాట్సాప్ వెబ్ ద్వారా సిస్టమ్‌లోకి తెచ్చి అతికించేవారు. ఈ దారి ఆయన సొంతంగా కనిపెట్టుకున్నదే. ఇప్పుడు మా దగ్గర కోహా రికార్డులోని 952 అనే గడిలో బార్‌కోడ్, కాల్ నంబరు (పుస్తకం ఏ చోట ఉండాలో చెప్పే నంబరు) తప్పు లేకుండా ఎక్కించేది ఆయనే. పుస్తకాలని విషయాలవారీగా సర్దే డ్యూయీ నంబర్లలో 894.827 చూడగానే తెలుగు సాహిత్యం అని చెప్పేస్తారు.

తెలుగు పుస్తకాల సంగతి వివరంగా చెప్పాలి. నేను చూసిన ఏ శిక్షణలోనూ ఇది రాలేదు.

మా పాత జాబితా ఒకటి డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) చేయించినది. కోహాలోకి తెస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి వచ్చాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక కూడా ఒత్తులు చెదిరాయి. ప్రతి పేరూ పుస్తకంతో సరిచూడాల్సి వచ్చింది. యూనికోడ్‌లో ఉన్న ఎక్సెల్ షీటుతో ఇంకో తంటా. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. యూనికోడ్ టెక్స్ట్‌గా సేవ్ చేసి, మార్క్ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మార్క్ రికార్డులుగా (లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు చదివే రూపం) మార్చి ఎక్కిస్తే సరిగ్గా వచ్చింది.

ఎక్కించిన తర్వాత ఓపాక్‌లో (పాఠకులు పుస్తకాలు వెతికే పేజీ) వెతికితే తెలుగు పేర్లు సరిగ్గా దొరకలేదు. మూడు వారాలు బాధపడ్డాను. కోహాలో వెతుకులాటని నడిపే జెబ్రా ఇండెక్సింగ్‌ని, తెలుగు లాంటి లిపులనీ గుర్తించే ఐసీయూ పద్ధతికి మార్చి, మొత్తం మళ్లీ ఇండెక్స్ చేయాలని ఒక సీనియర్ లైబ్రేరియన్ ఫోన్‌లో చెప్పారు. అది చేసిన సాయంత్రం మొదటిసారి తెలుగులో కొట్టిన పేరుకి పుస్తకం తెరమీద కనబడింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో చిన్న విషయం. పాత పుస్తకాల మీద "భారతము" అని ఉంటుంది, పిల్లలు "భారతం" అని వెతుకుతారు. పేరుని, అసలు పేరు రాసే 245 గడిలో పుస్తకం మీద ఉన్నట్టే ఉంచి, వాడుక రూపాన్ని మరో రూపం కోసం ఉన్న 246 గడిలో వేస్తున్నాం. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి జెడ్39.50 (వేరే లైబ్రరీల రికార్డులు తెచ్చుకునే పద్ధతి) ద్వారా తెచ్చుకునే తెలుగు రికార్డుల్లో పేరు రోమన్ అక్షరాల్లో, పైన గీతలూ కింద చుక్కలతో వస్తుంది. దాన్ని తీసేయకుండా తెలుగు రూపం కూడా చేర్చండి. రెండు రకాలుగా వెతికేవాళ్లకీ దొరుకుతుంది.

కోహా న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే ప్రాంతపు లైబ్రరీల కోసం 1999లో మొదలై, 2000లో వాడుకలోకి వచ్చింది. మావోరీ భాషలో ఆ మాటకి కానుక అని అర్థం. లైసెన్సు ఖర్చు లేదు. మాలాంటి చిన్న కాలేజీకి అది చాలా పెద్ద మేలు. కానీ సర్వర్ చూసుకునే మనిషి కావాలి, ఆ మనిషికి నేర్పడానికి సమయం కావాలి. ప్రిన్సిపాల్ సార్లకి నేను చెప్పేది ఇదే: మూడు రోజుల డ్యూటీ లీవ్ ఇవ్వడంతో ఆగకండి. ఆ తర్వాత ఆరు నెలలపాటు రోజుకో గంట కౌంటర్ పని లేకుండా చూడండి.

బ్యాకప్ విషయంలో మాత్రం నేను పొరపాటు చేశాను. బ్యాకప్ తీసే కోహా-డంప్ రోజూ రాత్రి నడిచేలా పెట్టాను. ఆ బ్యాకప్ నుంచి మళ్లీ లేపడం, అంటే రిస్టోర్, ఎప్పుడూ చేసి చూడలేదు. 2022 వేసవిలో హార్డ్ డిస్క్ పోయింది. డేటాబేస్‌ది ఒకటి, సెట్టింగులది ఒకటి, రెండు ఫైళ్లూ చేతిలో ఉన్నాయి. వాటిని ఏ వరసలో ఏం చేయాలో తెలియక రెండు రోజులు ఇష్యూ, రిటర్న్ మళ్లీ నోటుబుక్కులో రాశాం. శిక్షణ ఇచ్చేవాళ్లు ఒక పూట దీనికే కేటాయించాలి. పాడైన సర్వర్ నుంచి మళ్లీ లేపడం మనచేతే చేయించాలి.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఏఐ మీద శిక్షణలు వస్తున్నాయి. నేనూ ఒకటి చేశాను. తెలుగు పుస్తకాలకి డ్యూయీ నంబరు అడిగితే కొన్నిసార్లు సరిగ్గా చెబుతుంది, కొన్నిసార్లు తప్పు నంబరు ధీమాగా చెబుతుంది. డ్యూయీ షెడ్యూల్ (నంబర్ల జాబితా) తీసి చూడకుండా వేయడం లేదు.

మార్కులు వేయమంటే వర్క్‌షాపుకి ఐదుకి రెండు, వీడియోలకి నాలుగున్నర. కొత్తగా ఎవరైనా మా దగ్గరికి నేర్చుకోవడానికి వస్తే మొదటి రోజే బీరువాలోంచి పది తెలుగు పుస్తకాలు తీసి ముందు పెడుతున్నాను. బాబాయ్ పక్కన కూర్చుంటారు. అను ఫాంట్ల జాబితాలో ఇంకా పద్నాలుగు వందల పేర్లు సరిచూడాల్సి ఉంది, ఈ సెలవుల్లో ఆ పని పెట్టుకున్నాం.